కృష్ణానగర్ వర్కర్స్

మా జట్టు ఒక సినిమా ఫ్లాపైన రెండు రోజులకి పుట్టింది.

అది 2007 వేసవి. మా నాన్న దేవకుమార్ అప్పుడు ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో లైట్‌మ్యాన్. షూటింగ్ లేని రోజుల్లో కృష్ణానగర్ లైట్‌మెన్‌నీ, డాన్సర్లనీ, ఫైటర్లనీ పోగేసి రహమత్ నగర్ వెనక ఖాళీ జాగాలో ఫుట్‌బాల్ ఆడించేవాడు. బాపట్ల దగ్గర మిషన్ బడిలో ఒక ఫాదర్ నేర్పిన ఆట అది. నాన్న చదువు ఎనిమిదితో ఆగిపోయింది గాని ఆట ఆగలేదు. ఆ ఏడాది నగర పోటీల్లో మావాళ్ళు సెమీ ఫైనల్‌కి వచ్చారు. ఒక నిర్మాత ముచ్చటపడి తన బ్యానర్ పేరు అచ్చేయించిన జెర్సీలు పంచాడు. శుక్రవారం ఆయన సినిమా విడుదలైంది. శనివారం పొద్దున ఆయన మేనేజర్ వచ్చి, జెర్సీలన్నీ మూట కట్టించి పట్టుకుపోయాడు.

ఆదివారం మావాళ్ళు బనియన్లతో దిగారు. మేకప్ అసిస్టెంట్లు కనుబొమలు దిద్దే నల్ల పెన్సిళ్ళతో వీపుల మీద నంబర్లు రాశారు. సగం ఆట అయ్యేసరికి చెమటకి నంబర్లన్నీ కారిపోయి, ఎవరు ఎవరో రిఫరీకి అంతుపట్టలేదు. మావాళ్ళు ఓడిపోయారు. నాకప్పుడు పదహారేళ్ళు, మా తమ్ముడు బెన్సన్‌కి పదిహేను. తిరిగొస్తూ యూసుఫ్‌గూడ ఇరానీ హోటల్ ముందు అందరూ టీ తాగుతుంటే నాన్న అన్నాడు, "ఇంకెప్పుడూ ఇంకొకడి చొక్కా వేసుకుని ఆడొద్దు. మన జట్టుకి మనమే ఓనర్లం."

రహమత్ నగర్ ఆటో డ్రైవర్ హనుమంతు మా గోల్‌కీపర్. అతను గ్లాసు కింద పెట్టి, "అందరం ఓనర్లమైతే బాల్ ఎవరింట్ల పెట్టాలె అన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. బంతి మా ఇంట్లోనే, మంచం కింద ఉండేది.

అలా కృష్ణానగర్ వర్కర్స్ ఫుట్‌బాల్ క్లబ్ మొదలైంది. ఏడాదికి ఒకరోజు కూలి, అదే బత్తా, ఇచ్చిన ప్రతివాడూ సభ్యుడే. ఒక మనిషికి ఒక చెయ్యి. ఏ నిర్ణయమైనా అందరూ కూర్చుని చేతులెత్తి తేల్చుకోవాల్సిందే. జూనియర్ ఆర్టిస్టులు, టిఫిన్ బండ్లవాళ్ళు, ప్రొడక్షన్ వ్యాన్ల డ్రైవర్లు, చర్చికొచ్చే నర్సులు కూడా చేరారు. ఒకసారి ఒక పెద్ద హీరో ముచ్చటపడి చాలా ఇస్తానన్నాడు. సరే అన్నారు గాని ఆయనకీ ఒక చెయ్యే ఇచ్చారు. ఆయన నవ్వి, ఒప్పుకుని, ఆ తర్వాత ఒక్క మీటింగుకీ రాలేదు.

మా అమ్మ తెరెసా కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో టైలర్. జెర్సీల నంబర్లన్నీ తనే కుట్టేది. చెమటకే కాదు, ఉతికినా పోకూడదని రెండు వరసలు కుట్టేది. నాకు డబ్బింగ్‌లో పని దొరికాక, మ్యాచ్‌ల దగ్గర మైకు నాకు అప్పగించారు. తర్వాత క్లబ్ సెక్రటరీని కూడా చేశారు. హనుమంతు అప్పటికి గోల్ వదిలేసి అధ్యక్షుడయ్యాడు. నాన్న లైట్ల పని మానేసి పూర్తిగా కోచ్ అయ్యాడు. బెన్సన్ డిఫెన్స్‌లో ఆడి ఆడి కెప్టెన్ అయ్యాడు.

నగర లీగ్ గెలిచాం. రాష్ట్ర లీగ్ నాలుగో ప్రయత్నంలో గెలిచాం. 2021లో జాతీయ లీగ్ రెండో అంచెలోకి రమ్మని మాకు పిలుపు వచ్చింది. అందులోకి వెళితే జట్టు ప్రొఫెషనల్ జట్టు అవుతుంది. ఆటగాళ్ళకి నెల జీతం. బెన్సన్ ఆ ఉత్తరాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని, జూమ్ చేసి చేసి చదివాడు.

ఆ ఉత్తరంలోనే ఒక షరతు ఉంది. కోచ్‌కి లైసెన్స్ ఉండాలి.

నాన్న అంతకు రెండేళ్ళ ముందే ఆ లైసెన్స్ కోసం బెంగళూరు వెళ్ళొచ్చాడు. మైదానంలో పెట్టిన పరీక్షల్లో అందరికంటే ముందున్నాడట. రాత పరీక్ష ఇంగ్లీషులో పెట్టారు. ఇంటికొచ్చి సంచీ దించి, "బంతి ఇంగ్లీషులో దొర్లుతుందని నాకు తెలీదమ్మా," అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఇంకోసారి రాసి నెగ్గే వ్యవధి లేదు. పైకి వెళ్ళాలంటే కొత్త కోచ్‌ని తెచ్చుకోవాలి. నాన్నే ఉండాలంటే రాష్ట్ర లీగ్‌లోనే ఉండిపోవాలి.

జూన్‌లో ఒక ఆదివారం, పూజ అయ్యాక, చర్చి హాల్లో సభ్యులందరం కూర్చున్నాం. ఆరువందల మంది దాకా వచ్చారు. హనుమంతు సంగతి చెప్పి, "నేను ఎటూ చెప్ప. మీరే జర సోచాయించుండ్రి," అని కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు. అందరూ నాన్న వైపే చూస్తున్నారు. నాన్న మూడో వరసలో గోడ పక్కన, ఉతికిన తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నాడు. పక్కన అమ్మ.

బెన్సన్ లేచాడు.

"నాకు ఇరవైతొమ్మిదేళ్ళు. ఇంకో మూడేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు ఆడతాను. ఇప్పుడు పిలిచినప్పుడు వెళ్ళకపోతే మళ్ళీ పిలవరు. నాన్న కంటే మంచి కోచ్ నాకు దొరకడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. వెళదాం."

నేను మైకు అందుకుని, "పై లీగ్‌కి వెళదామనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాను.

ఒక్క చెయ్యి లేచింది. బెన్సన్‌ది. వాడు నిలబడే ఉన్నాడు. తోటి ఆటగాళ్ళు కూడా చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నారు. నాన్న ముందు ఎత్తడానికి ఎవరికీ మనసొప్పలేదు. వాడు ఎదురుగా గోడ మీద గడియారం వైపు చూస్తున్నాడు. కాసేపటికి వాడి చెయ్యి వణకడం నాకు కనిపించింది. లెక్కపెట్టడానికి ఒకటే ఉంది. నోరు తెరిచి ఆ ఒకటి చెప్పలేకపోయాను.

అప్పుడు నాన్న చెయ్యి ఎత్తాడు. బడిలో పిల్లాడు మాస్టారికి కనబడాలన్నట్టు, మోచెయ్యి వంచకుండా నిటారుగా ఎత్తాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. ఆయన దించలేదు. ఒక వరసలో నాలుగు చేతులు లేచాయి, ఇంకో వరసలో పది. తర్వాత నేను లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ అడిగింది. "మీరెందుకు ఎత్తారు? మీరు ఎత్తకపోతే ఒక్కరూ ఎత్తేవాళ్ళు కాదు."

"వాడు ఒంటరిగా నిలబడిపోయాడు తెరెసా."

"నిలబడనివ్వాల్సింది."

"గోల్ ముందు ఒక్కణ్ణే వదిలేయకూడదని వాళ్ళకి నేనే కదా నేర్పాను," అన్నాడు నాన్న.

బెన్సన్ తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. లోపలికొచ్చి, "నాన్నా," అన్నాడు. నాన్న వాడికి కుర్చీ జరిపి, ముందు ఎవరితో ఆడాల్సి వస్తుందో, వాళ్ళలో ఎడమకాలి ఆటగాళ్ళు ఎవరో అడగడం మొదలుపెట్టాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ వాడికి కంచంలో వడ్డించేది గాని, వాడు తింటున్నప్పుడు దగ్గర కూర్చునేది కాదు. మ్యాచ్‌లకి రావడం మానేసింది. నంబర్లు కుట్టే పని బయట టైలర్‌కి ఇచ్చాం.

గోవా నుంచి కొత్త కోచ్ వచ్చాడు. మంచివాడే. నాన్నని తనతో ఉండమని ఇంటికొచ్చి అడిగాడు. నాన్న ఆయనకి టీ ఇచ్చి, నాతో హిందీలో చెప్పించాడు. "పాత డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంటే కొత్త డ్రైవర్‌కి బండి చేతికి రాదు." ఆయన వెళ్ళాక బీరువా పైనుంచి తన యూనియన్ కార్డు తీసి దుమ్ము తుడిచాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ లైట్ల పనికి వెళ్ళాడు. "ఇంట్లో కూర్చుంటే మైదానానికి పోవాలనిపిస్తుంది," అన్నాడు నాతో. నేను వద్దనలేదు. అనాల్సింది.

ప్రొఫెషనల్ జట్టుగా మా మొదటి ఏడాది బాగానే సాగింది. ఫిబ్రవరిలో ఒక బుధవారం కేరళ జట్టుతో మ్యాచ్. రహమత్ నగర్ జాగా ఆ లీగ్‌కి పనికిరాదన్నారు కాబట్టి, ఊరికి అవతలి చివర ఒక స్టేడియం తీసుకున్నాం. మధ్యాహ్నం మూడున్నరకి ఆట మొదలైంది. రెండో సగంలో నా ఫోన్ మోగింది. అమ్మ.

"నాన్న పైనుంచి పడ్డారు. సెట్లో. లైటు కడుతుంటే కాలి కింద బల్ల జారిందంట. ఆస్పత్రికి తీసుకొచ్చారు. నడుం..." అని ఆగింది. ఎవరో ఏదో చెప్తుంటే విని మళ్ళీ అంది, "వాడికి ఇప్పుడు చెప్పకు. ఆట అయ్యాక చెప్పు."

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాను. అప్పుడే కార్నర్ కిక్ వచ్చింది. బెన్సన్ అందరికంటే పైకి లేచి తలతో కొట్టాడు. గోల్. స్టేడియమంతా నా వైపు చూసింది, పేరు వినాలని. నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని, "గోల్. కృష్ణానగర్ వర్కర్స్. నాలుగో నంబర్, మన కెప్టెన్ బెన్సన్," అన్నాను. పదేళ్ళుగా తెర మీద ఏడ్చే హీరోయిన్ల కోసం గొంతు వణికించిన దాన్ని. ఆ రోజు నా గొంతు పిసరంత కూడా వణకలేదు. దానికి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆట అయ్యాక వాణ్ణి భుజాల మీద ఎత్తుకుని తిప్పుతున్నారు. హనుమంతు ఆ గుంపులోకి దూరి, వాణ్ణి కిందికి దింపించి చెవిలో చెప్పాడు. వాడు బూట్లతోనే పరిగెత్తి అతని ఆటో ఎక్కాడు.

నాన్న మళ్ళీ నడవలేదు. వెన్నెముక దెబ్బతింది. మాది కృష్ణానగర్‌లో మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు జట్టు మొత్తం కలిసి మంచంతో సహా ఆయన్ని పైకి మోసింది. మలుపు దగ్గర మంచం ఇరుక్కుంటే, నాన్న పడుకునే, "ఎడమ వాళ్ళు దించండి, కుడి వాళ్ళు పైకి," అని చెప్పాడు. అందరూ ఆయన చెప్పినట్టే చేశారు. తర్వాత రెండేళ్ళపాటు ఆయన కిందికి దిగింది ఆస్పత్రికి వెళ్ళడానికే.

మ్యాచ్ రోజుల్లో నేను మైకు ఇంకొకరికిచ్చి, ఫోన్లో నాన్నకి ఆట చెప్పేదాన్ని. ఎవరి దగ్గర బంతి ఉంది, ఎవరు ఎటు పరిగెత్తారు, బెన్సన్ ఎక్కడ నిలబడ్డాడు. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడని అమ్మ చెప్పింది. అమ్మే ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుని ఉండేది. అంటే మ్యాచ్‌లన్నీ అమ్మ కూడా వినేది.

రెండో ఏడాది ఓటములు మొదలయ్యాయి. మిగతా జట్ల వెనక కంపెనీలు ఉన్నాయి. మా మంచి ఆటగాళ్ళని ఒక్కొక్కరినీ లాక్కుపోయారు. మావాళ్ళు స్టేడియానికి రావడమూ తగ్గింది. ఆ రోజు షూటింగ్‌కి కాల్‌షీట్ ఉన్నవాడు అంత దూరం రాలేడు, లేనివాడికి రావడానికి మనసుండదు. మొదట్లో మూడు ప్రొడక్షన్ వ్యాన్ల నిండా వచ్చిన జనం ఒక వ్యాన్‌కి దిగారు.

ఒకరోజు మేం నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. మూడో గోల్‌కి బెన్సన్ పొరపాటే కారణం. నేను నాన్నకి ఆ సంగతి చెప్పకుండా, బంతి బార్‌కి తగిలి లోపల పడిందని కల్పించి చెప్పాను. నాన్న మెల్లగా అన్నాడు.

"జాయ్స్, అబద్ధం చెప్పకు. నీ గొంతు డబ్బింగ్‌లోకి వెళ్ళింది."

నేను నిజం చెప్పాను. "మోకాలు ఏమన్నా నొప్పి పెడుతోందేమో వాడికి. అడుగు," అన్నాడు. నిజంగానే వాడికి మోకాలు నొప్పి. ఎవరికీ చెప్పకుండా కట్టు కట్టుకుని ఆడుతున్నాడు.

2024 జనవరిలో నాన్నకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. నాలుగు రోజులే. చివరి రోజు పొద్దున బెన్సన్ చేత గడ్డం గీయించుకున్నాడు. "నీ చెయ్యి వణకడం తగ్గిందిరా," అన్నాడు వాడితో. మధ్యాహ్నం పోయాడు. కృష్ణానగర్ సందుల్లో ఆ రోజు చాలా కొట్లు మూశారు. శవపేటికని మూడు అంతస్తులూ దించి, చర్చి దాకా ఆటగాళ్ళే మోశారు. బెన్సన్ కుంటుతూ ముందు నడిచాడు.

నలభయ్యో రోజు పూజ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, అమ్మ వాణ్ణి పిలిచింది. అంతకాలం తర్వాత వాడి పేరు అమ్మ నోట విన్నాను.

"బెన్సన్, ఆ రోజు చెయ్యి ఎత్తే ముందు నువ్వు నాన్న వైపు చూశావా?"

"లేదమ్మా."

"ఎందుకని?"

"చూస్తే ఎత్తలేను."

"ఆయన మాత్రం నీ వైపే చూశారు," అంది అమ్మ. "నువ్వు లేచిన దగ్గర్నుంచీ. నేను పక్కనే ఉన్నాను."

వాడు ఏడవలేదు. లేచి బయటి మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "అక్కా, ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది," అన్నాడు.

మార్చిలో చలపతిరావు అనే బిల్డర్ హనుమంతు దగ్గరికి వచ్చాడు. జట్టుని తను తీసుకుంటానన్నాడు. ఆటగాళ్ళు ఉంటారు, జీతాలు పెరుగుతాయి, లీగ్ షరతులన్నీ ఆయనే చూసుకుంటాడు. పేరు మాత్రం మారుస్తాడు. చేతులెత్తే పద్ధతి ఉండదు. అదీ కాకపోతే, డబ్బు చాలక, లీగ్‌లో కొనసాగే దారి మాకు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

మళ్ళీ అదే హాలు. ఈసారి రెండు వందల మంది కూడా లేరు. గంటసేపు మాట్లాడుకున్నారు. ఇవ్వాలనే వాళ్ళూ ఉన్నారు. తప్పేం లేదు, వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. చివరికి ఎవరో, "బెన్సన్ ఏమంటాడో చెప్పనివ్వండి. పోయేది వాడి బతుకే కదా," అన్నారు.

బెన్సన్ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. "ఈసారి నేను మాట్లాడనండీ. మీరు ఏం చేసినా సరే," అన్నాడు.

హనుమంతు లేచాడు. పెద్దవాడైపోయాడు, కుర్చీ పట్టుకుని లేచాడు. "దేవన్న ఉంటే ఏమంటుండెనో నాకైతే తెల్వదు. ఆయన పేరు జెప్పి నేను మిమ్మల్ని కట్టేయ. గానీ నా దిల్‌ల మాట జెప్త. గిన్నేండ్లు మనం ఎవని కింద ఆడలె. ఓడినా మనమే ఓడినం. గిప్పుడు గెలుసుడు కోసం ఇంకోని పేరు పెట్టుకుంటే, గా గెలుపు ఎవనిది?"

జట్టుని అమ్మడానికి ఒప్పుకోలేదు. జట్టు ప్రొఫెషనల్ లీగ్ నుంచి తప్పుకోవాలని తేల్చారు. చేతులు లెక్కపెట్టింది నేనే. తేడా పదకొండు.

చివరి మ్యాచ్ ఏప్రిల్ ఆఖరి శనివారం, మణిపూర్ నుంచి వచ్చిన జట్టుతో. మండే ఎండ. ఫోన్లో వినేవాళ్ళు లేరు కాబట్టి మైకు నేనే తీసుకున్నాను. పదకొండు మంది పేర్లూ చదివాను. జనం మూడు వందల మంది ఉంటారేమో. ఒకటి–ఒకటితో ఆట సమానమైంది. బెన్సన్ చివరి పది నిమిషాలు మోకాలు ఈడుస్తూ ఆడాడు. కోచ్ బయటికి రమ్మని రెండుసార్లు సైగ చేశాడు. వాడు చూడనట్టు ఉండిపోయాడు. విజిల్ ఊదాక మణిపూర్ ఆటగాళ్ళు వచ్చి మావాళ్ళందరికీ చేతులు కలిపారు. వాళ్ళకి తెలుగు రాదు, మావాళ్ళకి వాళ్ళ భాష రాదు. వాళ్ళ గోల్‌కీపర్ బెన్సన్‌ని కావలించుకుని కాసేపు వదల్లేదు. ఇదే మా ఆఖరి మ్యాచ్ అని ఎవరో చెప్పినట్టుంది.

నేను మైకులో ఏదో ఒకటి చెప్పాలి. రాసుకున్న కాగితం జేబులో ఉంది. తియ్యలేదు. "మ్యాచ్ అయిపోయింది. వ్యాన్లు ఉత్తరం గేటు దగ్గర ఉన్నాయి. జాగ్రత్తగా ఇంటికి వెళ్ళండి," అని ఆపేశాను.

బెన్సన్‌ని వేరే జట్లేవీ పిలవలేదు. ముప్పై రెండేళ్ళు, పాడైన మోకాలు. హనుమంతు ఒక ఫైట్ మాస్టర్‌తో మాట్లాడాడు గాని, ఆ మోకాలితో దూకే పనులు కుదరవని వాళ్ళూ అన్నారు. జూన్ నుంచి ఒక బడిలో ఆటల మాస్టారు పని ఉండొచ్చని చర్చి ఫాదర్ గారు చెప్పారు. ఇంకా ఖాయం కాలేదు.

మ్యాచ్ అయిన తర్వాతి సోమవారం నాకు మధ్యాహ్నం దాకా డబ్బింగ్ ఉంది. ఒక చావు సీను. పదిహేడు టేకులు తీసుకున్నాను. ఇంటికి వచ్చేసరికి రెండయింది. తలుపు తీసే ఉంది.

అమ్మ నేల మీద చాప వేసుకుని వెల్లుల్లి వలుస్తోంది. ఆవకాయ కోసం, ప్రతి వేసవిలోనూ చేసే పనే. బెన్సన్ ఆమె పక్కన గోడకి ఆనుకుని, కుంటికాలు చాపుకుని కూర్చున్నాడు. పద్నాలుగేళ్ళుగా సోమవారం ఆ వేళకి వాడు ఇంట్లో ఉండగా నేను చూడలేదు. ఏం చెయ్యాలో తెలియని చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. అమ్మ వాడి వైపు చూడకుండానే వెల్లుల్లిలో సగం వాడి ముందుకి జరిపింది.

వాడు ఒక పాయ తీసుకుని వలవబోయాడు. పొట్టు రాలేదు.

"నీళ్ళలో వెయ్యి. నాననీ," అంది అమ్మ.

నేను చెప్పులు విడిచి, చప్పుడు చెయ్యకుండా నా గదిలోకి వెళ్ళాను.